పక్షవాతం తర్వాత మతిమరుపు: మెదడు ఉద్దీపన చికిత్స ఎంతవరకు తోడ్పడుతుంది?

రిసాలి (ఛత్తీస్‌గఢ్): పక్షవాతం నుంచి కోలుకున్న వ్యక్తి నడవగలుగుతున్నా, ఉదయం మాత్ర వేసుకున్న సంగతిని మధ్యాహ్నానికి మరచిపోవచ్చు. కాలు, చేతుల బలహీనత అందరికీ కనిపిస్తుంది. మతిమరుపును మాత్రం వయసు ప్రభావమని భావించి కుటుంబాలు వదిలేస్తుంటాయి. 1959లో ఉత్పత్తి ఆరంభించిన భిలాయి ఉక్కు కర్మాగారాన్ని ఆధారం చేసుకొని తెలుగువారితో సహా ఎన్నో ప్రాంతాల కుటుంబాలు స్థిరపడిన రిసాలి వంటి చోట్ల, విశ్రాంత ఉద్యోగుల ఇళ్లకు ఈ విషయం అత్యంత ముఖ్యమైనది. శస్త్రచికిత్స అవసరం లేని మెదడు ఉద్దీపన విధానాలపై ఆశలు పెరుగుతున్న వేళ, వాటి పరిధిని తెలుసుకోవడం అవసరం.

రెండు విధానాలు

మొదటిది టీఎంఎస్. 1985లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దీనిని ప్రదర్శించింది. తలకు ఆనించిన కాయిల్‌లో విద్యుత్తు వేగంగా మారినప్పుడు ఏర్పడే అయస్కాంత క్షేత్రం, పుర్రె కింది నాడీకణాలలో స్వల్ప విద్యుత్తును ప్రేరేపిస్తుంది. సాధారణంగా సెకనుకు ఒక స్పందన ఆ భాగం చురుకుదనాన్ని తగ్గిస్తుంది. ఐదు, అంతకు మించిన స్పందనలు పెంచుతాయి. రెండవది టీడీసీఎస్. ఉప్పునీటిలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్ల ద్వారా ఒకటి, రెండు మిల్లీఆంపియర్ల విద్యుత్తును దాదాపు 20 నిమిషాలు పంపుతారు.

జ్ఞాపకశక్తికి మేలు ఎలా?

మృతిచెందిన కణాలను ఈ చికిత్స బతికించదు. మిగిలిన కణాల మధ్య బంధాలు బలపడేందుకు అనువైన స్థితిని కల్పించడమే దీని లక్ష్యం. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ లోతుగా ఉండటంతో దానితో అనుసంధానమైన ఉపరితల భాగాన్ని ఉద్దీపింపజేస్తారు. ఆరోగ్యవంతులపై ఈ పద్ధతి జ్ఞాపకశక్తిని మెరుగుపరచినట్లు 2014లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది.

పక్షవాత బాధితులపై ప్రయోగాలు చిన్నవి, ఫలితాలు భిన్నమైనవి. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ టీఎంఎస్‌ను అనుమతించింది కుంగుబాటుకే. అందువల్ల జ్ఞాపకశక్తి శిక్షణకు ఇది అనుబంధమే గాని ప్రత్యామ్నాయం కాదు.

జాగ్రత్తలు

తలనొప్పి, చర్మంపై మంట సాధారణం. టీఎంఎస్‌తో అరుదుగా మూర్ఛ రావచ్చు. తలలో లోహపు పరికరం, పేస్‌మేకర్, మూర్ఛ చరిత్ర ఉన్నవారు ముందే వైద్యునికి చెప్పాలి. ఇంట్లో బ్యాటరీ పరికరాలతో ప్రయత్నించరాదు.

చికిత్సకు డబ్బు చెల్లించే ముందు జ్ఞాపకశక్తి పరీక్ష జరిగిందా, ఎన్ని విడతలు అవసరం, శిక్షణ కూడా ఉందా అని అడగాలి. కుంగుబాటు, నిద్రలేమి, వాడుతున్న మందులు కూడా మతిమరుపుకు కారణం కావచ్చు. రక్తపోటు, మధుమేహ నియంత్రణ మరో పక్షవాతాన్ని నివారించడానికి తోడ్పడుతుంది. మాత్రల డబ్బా, ఫోన్ అలారం, గోడపై రాసిన దినచర్య నేటి నుంచే ఉపయోగపడతాయి.