పన్నెండో సూత్రం – పదమూడో సూత్రం

1982 జనవరి 14న శ్రీమతి ఇందిరాగాంధీ సవరించి ప్రకటించిన 20 సూత్రాల కార్యక్రమం మన సంఘ సభ్యులలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. రాకపోతే ఆ రోజుల్లో సమీక్షా సమావేశం గట్టెక్కేది కాదు. అందులో పన్నెండో సూత్రం అడవుల పెంపకం, బయోగ్యాస్, ఇతర ప్రత్యామ్నాయ ఇంధనాలు. పదమూడోది స్వచ్ఛంద ప్రాతిపదికపై కుటుంబ నియంత్రణ. రెండూ పక్కపక్కనే ఉండటం కాకతాళీయమే కావచ్చు. కాని ఆ రోజుల్లో సమితి కార్యాలయంలో నెలసరి ప్రగతి నివేదిక తయారుచేసే గుమాస్తాగా ఆ రెండు వరుసలను నేను ఎన్నో నెలలు ఒకదాని కింద ఒకటి నింపాను. గళ్ళు మూడే: లక్ష్యం, సాధన, శాతం. గోబర్ గ్యాస్ ప్లాంట్లు ఇన్ని, కు.ని. ఆపరేషన్లు ఇన్ని. కింద కూడిక, పైన సంతకం.

ఈ రెండు కార్యక్రమాలూ ఇంట్లో ఎక్కువగా ఎవరి మీద పడ్డాయో ఆ నివేదికలో రాయడానికి గడి లేదు. ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ముందు తోచింది అదే.

మన దేశం 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది. ప్రపంచంలో ఇటువంటిది ఇదే మొదటిదంటారు. ఎర్ర త్రికోణం, లూప్, 1968లో నిరోధ్, 1971లో గర్భస్రావ చట్టం ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అప్పట్లో ఆపరేషన్ అంటే ఎక్కువగా మగవారిదే. ఎమర్జెన్సీ కాలంలో, 1976–77 ఒక్క సంవత్సరంలో, దేశం మొత్తం మీద 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో దాదాపు 62 లక్షలు వేసెక్టమీలే. బలవంతం ఎంత జరిగిందో, 1977 ఎన్నికల్లో ఉత్తరాదిన దాని ఫలితం ఏమైందో అందరికీ తెలిసిందే. ఆ తరువాత శాఖ పేరు కుటుంబ సంక్షేమంగా మారింది. మగవారిని అడగడానికి ప్రభుత్వాలు మళ్ళీ పెద్దగా సాహసించలేదు. లక్ష్యాలు మాత్రం మిగిలాయి. అవి ఆడవారి వైపు తిరిగాయి.

వేసెక్టమీ చిన్న ఆపరేషన్, ట్యూబెక్టమీ పొట్ట తెరిచి చేసేది. 1980లలో ల్యాప్రోస్కోపు వచ్చాక అదీ సులువైంది, శిబిరాలు పెట్టి ఒకే రోజు పదుల సంఖ్యలో చేయడం మొదలైంది. కేసులు తెచ్చే పని ఏ.ఎన్.ఎం.లతో ఆగలేదు. ఉపాధ్యాయులకూ, రెవిన్యూ సిబ్బందికీ, మాబోటి గుమాస్తాలకూ పంచారు. మార్చి నెలాఖరు వచ్చేసరికి జీతాలు ఆపుతామనే బెదిరింపులు కూడా విన్నాం. ఉద్యోగులకు ఆపరేషన్ చేయించుకుంటే ప్రత్యేక ఇంక్రిమెంటు ఉండేది. ఒక తమాషా చూడండి: ఇంక్రిమెంటు సర్వీసు రిజిస్టరులో భర్త పేజీలో ఎక్కేది, కుట్లు భార్య కడుపు మీద పడేవి.

అలాగని ఆడవారందరూ బలవంతం మీదనే వెళ్ళారని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. అప్పుడు మేము నాచారంలో అద్దెకు ఉండేవాళ్ళం. పారిశ్రామికవాడ పెరుగుతున్న రోజులు. మా వరుసలోనే ఒకామె ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. ఇద్దరూ ఆడపిల్లలే. మగపిల్లవాడి కోసం అత్తగారి పోరు ఆగేది కాదు. ఒకరోజు ఆమె ఏ.ఎన్.ఎం.ను తానే వెతుక్కుంటూ వెళ్ళి పేరు రాయించుకున్నది. మా ఇంట్లో ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. "వదినా, మూడోసారి నెల తప్పితే పని పోతది. పని పోతే ఈ ఇద్దరికి అన్నం ఎవరు పెడతరు?" అని మా ఆవిడతో అన్నది. మాత్రలు, లూప్ సంగతి ఎవరైనా చెప్పారా అని మా ఆవిడ అడిగితే, "అవేందో నాకు తెల్వదు, సారు ఆపరేషనే రాసుకున్నడు" అన్నది. నిర్ణయం ఆమెదే. ఎన్నుకోవడానికి ఆమె ముందు పెట్టింది మాత్రం ఒక్కటే.

మన రాష్ట్ర చరిత్ర మొత్తం ఆ ఒక్క మాటలో ఉందని నా అభిప్రాయం. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి 2.6 మంది పిల్లలు. 2005–06 నాటికి అది 1.8కి దిగింది. చదువులో కేరళ, తమిళనాడుల కన్నా వెనుకబడి ఉండి కూడా ఇంత వేగంగా తగ్గడం జనాభా శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచింది. తగ్గిన తీరు చూస్తే ఆశ్చర్యం సగమవుతుంది. పదిహేడు పద్దెనిమిదికి పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళకు ఆపరేషన్. 2019–21 సర్వేలో కూడా తెలంగాణలో వివాహిత స్త్రీలలో నూటికి 62 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మిగతా పద్ధతులన్నీ కలిపినా లెక్కకు ఆనవు.

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. అదే చట్టం స్త్రీలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది. ఒక చేత్తో పిలిచి ఇంకో చేత్తో గడప దగ్గర ఆపినట్లయింది. ముగ్గురు పిల్లలను కనాలా వద్దా అన్నది తన చేతిలో లేని ఇల్లాలికి పదవి మాత్రం ఆ లెక్క మీదనే పోయేది. 1996 ఏప్రిల్‌లో కేంద్రం ఆపరేషన్ల లక్ష్యాలను దేశమంతటా రద్దు చేసింది. కాగితం మీద రద్దయినా, "అంచనా" అనే కొత్త పేరుతో పాత అంకెలే మా బల్లల మీదకు వచ్చాయి. ఇక 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. వద్దన్నప్పుడు ఆడవారిని అడగలేదు, కావాలంటున్నప్పుడూ అడిగినట్లు నాకు కనబడలేదు.

శిబిరాల సంగతి వదిలివేయడానికి లేదు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దుర్ఘటన 2014లో జరిగింది. 2016లో సుప్రీంకోర్టు, మూడేళ్ళలో శిబిరాలను ఆపివేయాలన్నది. అయినా 2022 ఆగస్టు 25న మన పాత రంగారెడ్డి జిల్లాలోనే, ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మూడు నెలలకొకసారి వేసే అంతర సూది, వారపు ఛాయ మాత్ర 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. వాటి పేర్లు మన కోడళ్ళలో, కూతుళ్ళలో ఎంతమందికి తెలుసునో సభ్యులు ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

ఇక పన్నెండో సూత్రం. జాతీయ బయోగ్యాస్ పథకం 1981–82లో మొదలైంది. అప్పటి ఉప్పల్ ఇప్పటిది కాదు. మూసీ నీటి కింద గడ్డి మడులు, ఆకుకూరల మడులు, వాటి గట్టున గేదెల పాకలు. పేడకు కొదువ లేదు. ఖాదీ కమిషన్ వారి ఇనుప డ్రమ్ము నమూనా, తరువాత ఇటుక గుమ్మటం నమూనాలు, 1984లో దీనబంధు వచ్చాయి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి, అంతే నీరు కావాలి. నీరు అంటే మూడు నాలుగు బిందెలు. ఈ లెక్క విస్తరణాధికారి భర్తకు చెప్పేవాడు, సబ్సిడీ కాగితం మీద సంతకం భర్తదే. బిందెలు మోసేది ఎవరో చెప్పనక్కరలేదు. "పొయ్యి ఊదుడు తప్పింది సారూ, బిందెలు పెరిగినయి" అని ఒక పాకలో పెద్దామె నాతో అన్నది. ఎండాకాలం బోరింగు దగ్గర కొట్లాట మొదలయ్యేసరికి ప్లాంటు నోరు మూసేసేవారు. డ్రమ్ములు తుప్పు పట్టేవి. మా నివేదికలో అవన్నీ "సాధన" గడిలోనే ఉండేవి. 1999లో దీపం పథకం కింద స్త్రీల పేరుతోనే వంటగ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. అడిగి ఇస్తే వాళ్ళు దేన్ని కోరుకుంటారో అప్పుడు తెలిసింది.

పేడ చాలనప్పుడు గడ్డి, చెత్తాకు వేయవచ్చు కదా అని కొందరు వేసి చూశారు. ఎండుగడ్డి పీచు సూక్ష్మజీవులకు తొందరగా లొంగదు, పైకి తేలి తెట్టు కడుతుంది, గ్యాసు ఆగిపోతుంది. కూరగాయల చెత్తది ఇంకో తంటా. అది మరీ త్వరగా పులుస్తుంది. ఆ పులుపుకు మీథేన్ తయారుచేసే జీవులు చచ్చిపోతాయి. ఈ చిక్కును విప్పినవారు మన పొరుగువారే. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వచ్చే దారిలో, మనం ఇప్పటికీ ఆర్.ఆర్.ఎల్. అని పిలుచుకునే సంస్థ. నిజాం కాలంలో 1944లో పుట్టి, 1989 నుంచి ఐ.ఐ.సి.టి. పేరుతో ఉంది. అక్కడ డాక్టర్ గంగాగ్ని రావుగారి బృందం రూపొందించిన రియాక్టరుతో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ప్లాంటు పెట్టారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే సామర్థ్యం దానిది. 2021 జనవరి 31న ప్రధాని మన్ కీ బాత్‌లో దీన్ని ప్రస్తావించారు.

పాత అలవాటు పోక లెక్క కట్టాను: ఒక యూనిట్‌కు 20 కిలోల కుళ్ళిన కూరగాయలు. విద్యుత్తుగా చూస్తే గొప్పేమీ కాదు, చెత్త లారీ ఖర్చు మిగలడమే అసలు లాభం. ఇక్కడ పేడ పిసికే చేతులు, బిందెలు మోసే నడుములు లేవు. యంత్రమే తరుగుతుంది, యంత్రమే కలుపుతుంది, వచ్చిన గ్యాసులో కొంత క్యాంటీన్ వంటకు పోతుంది.

1982–85 మధ్య సమితుల నాటి నెలసరి ప్రగతి నివేదికల ప్రతులు సభ్యులలో ఎవరి వద్దనైనా మిగిలి ఉంటే దయచేసి సంఘ కార్యాలయానికి పంపండి, జిరాక్సు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను. పాత కాగితాలలో ఉప్పల్ వైపు గ్రామాల అంకెలు ఉన్నవైతే మరీ మంచిది.