పెన్న అడుగున పట్టు

2020 జూన్‌లో నెల్లూరు జిల్లా చేజర్ల మండలం పెరుమాళ్లపాడులో ఊరివాళ్లు పెన్న ఇసుకను తవ్వితే గుడి బయటపడింది. నాగేశ్వరస్వామి ఆలయం. తరాల కిందట వరదలకు పూడిపోయిన కట్టడం. అక్కడ గుడి ఉండేదని పెద్దలు చెప్పగా విన్న కుర్రాళ్లు పూనుకుని, గోపురం పైభాగం కనబడేదాకా తవ్వించారు. వార్త చదివినవాళ్లంతా గుడి ముచ్చటే చెప్పుకున్నారు. నా ధ్యాస మాత్రం ఆ ఇసుక మీదికి పోయింది. గుడిని నిలువునా మింగిన ఏటి అడుగు అది. దాని మీద తేలే పడవ ఏం పట్టుకుని నిలవాలి?

చేజర్ల చుట్టుపట్ల నీటి అడుగు ఒక్క తీరుగా ఉండదు. ఎగువన సోమశిల ఉంది. 1975లో మొదలైన పని 1989 నాటికి పూర్తయి, 78 టీఎంసీల జలాశయం తయారైంది. కడప జిల్లా ఊళ్లు ఎన్నో దాని కింద మునిగాయి. అందుకే అక్కడ అడుగున కొండరాళ్లతోపాటు పాత గోడలు, చెట్ల మోళ్లు ఉంటాయి. ఆనకట్ట దాటి కిందికొస్తే ఇసుక. చెరువుల్లోకి పోతే మోకాటి లోతు ఒండ్రు, దాని మీద నాచు. ఒకే రోజు ఈ మూడు చోట్లా ఒకే లంగరు వేసి చూస్తే మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. లంగరు కొనేవాడు దుకాణంలో ఇనుము వంక చూస్తాడు. చూడాల్సింది ముందు నీటి అడుగు.

ఈ నీళ్ల మీద తిరిగేవన్నీ తేలిక సరుకే. లారీ ట్యూబు మీద కూర్చుని వల వదిలే జాలరి, థర్మోకోల్ దిమ్మలకు పట్టా చుట్టి కట్టుకున్న తెప్ప, వెదురు పుట్టి. ఇదే పెన్న మీద ఎగువన గండికోటలో పర్యాటకులు కయాక్ తెడ్లు వేస్తున్నారు. గాలి ఒక్క తోపు తోస్తే చాలు, వీటిలో ఏదైనా ఉన్నచోటు వదిలి జరిగిపోతుంది. వీటి కోసమే నాలుగు కొక్కేల మడత లంగరు వచ్చింది. సంచిలో పట్టేంత వస్తువే గానీ దాని వంశం చాలా పాతది. ఆ వంశవృక్షంలో ఒక కొమ్మ మన తీరానిది.

మొదటి లంగరు రాయే. బండకు తాడు చుట్టి దించితే బరువుతో దిగి, రాపిడితో ఆగుతుంది. తెప్పల మీద వేటకు పోయేవాళ్లు ఇవాళ్టికీ రాయిని వదల్లేదు. పైసా ఖర్చు లేదు, పోతే ఇంకోటి. అయితే రాయికి ఒక చిక్కుంది. నీళ్లలో మునగగానే తేలికైపోతుంది. పది కిలోల గ్రానైటు రాయి నీటి అడుగున ఆరు కిలోల పైచిలుకే తూగుతుంది. పది కిలోల ఇనుము ఎనిమిదిన్నర కిలోలకు తగ్గదు. అంటే రాయిని నమ్ముకున్నవాడు పడవలో మోసే బరువులో మూడో వంతుకు మించి వృథా. పెద్ద ఓడకు ఆ నష్టం లెక్కలోకి రాకపోవచ్చు. లారీ ట్యూబు మీద కూర్చున్నవాడికి పది కిలోల రాయంటే ప్రాణాంతకం.

మన తూర్పు తీరంలో లంగరుకున్న విలువ తెలియాలంటే తీరం రూపు తెలియాలి. ఓడను గట్టుకు ఆనించే లోతైన రేవులు ఇక్కడ పూర్వం తక్కువ. ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు మీద నిలవాల్సి వచ్చేది, చిన్న పడవలు అలలు దాటి సరుకు మోసేవి. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతు నాగలికి పాత గుడి శిథిలాలు అడ్డం తగిలాయి. వాటి కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలానివి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటి గురించి రాసిన ఉత్తరం ‘ఏషియాటిక్ రిసర్చెస్’ రెండో సంపుటిలో అచ్చయింది. ఆ బంగారం ఏ రేవులో దిగిందోగానీ, దాన్ని తెచ్చిన వ్యాపారమంతా తీరానికి ఎడంగా ఒక తాటి కొసన వేలాడిన ఓడల మీదే నడిచింది.

ఆ తాడు తెగితే ఏమయ్యేదో చెప్పే శాసనం పాత రేవు మోటుపల్లిలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించినది. అంతకుముందు రాజుల కాలంలో, తుపానుకు కొట్టుకొచ్చి మన తీరంలో చిక్కుకున్న ఓడల సరుకంతా రాజుకే చెందేది. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏవైనా సరే గుంజుకునేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని ఆపించాడు. ప్రాణాలకంటే ధనమే ప్రియమనుకుని సముద్రం దాటే వ్యాపారుల మీద దయతో, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైలో ఒక వంతు. ఈ శాసనాన్ని చరిత్రకారులు వర్తక విధానానికి సాక్ష్యంగా చదువుతారు, సరైనదే. పడవ మనిషి కంటితో చదివితే అందులో ఇంకో సంగతి కూడా ఉంది. లంగరు జారిన ఓడవాడి గతి ఎంత దీనమైనదో రాజు తెలుసుకున్నాడు. ఆ గుర్తింపే నాకు ఆ శాసనంలో గొప్పగా తోస్తుంది.

ఆ ఓడల లంగర్లు ఎలా ఉండేవి? గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ పురావస్తు పరిశోధకులు ద్వారక, బేట్ ద్వారక నీళ్లలో మునిగి రాతి లంగర్లు ఎన్నో వెతికి తీశారు. వాటిలో ఒక రకం పొడుగాటి రాతి స్తంభం. పైకొసన గుండ్రటి రంధ్రం, అది తాడుకు. కిందివైపు రెండు చదరపు రంధ్రాలు, ఒకదానికొకటి అడ్డంగా, వేర్వేరు ముఖాలకు తొలిచినవి. వాటిలోంచి గట్టి కొయ్యలు దూరుస్తారు. నాలుగు వైపులా నాలుగు కొయ్య మొనలు పొడుచుకొస్తాయి. రాయి ఎటు పడ్డా కనీసం రెండు మొనలు అడుగున దిగుతాయి. ఇదే రకం ఇరాన్ తీరంలోని సిరాఫ్‌లోనూ దొరికింది. అరబ్బు, భారతీయ నావికులు మధ్యయుగాల్లో పంచుకున్న పనితనం ఇది. ఆ రాతి మీద చెయ్యేసి చూస్తే ఈనాటి మడత లంగరు ఆకారమంతా అక్కడే ఉంది. నిలువు కాడ, నాలుగు మొనలు, పైన తాడు కన్ను. వందల కిలోల రాయి పోయి కిలోన్నర ఇనుము వచ్చింది, అంతే. బరువును నమ్ముకోవడం తగ్గి పట్టును నమ్ముకోవడం మొదలైన చోటు ఆ చదరపు రంధ్రాలే.

మడిచే ఆలోచనా కొత్తది కాదు. ఇటలీలో నేమి అనే చిన్న సరస్సు ఉంది. రోమన్ చక్రవర్తి కాలిగులా ఒకటో శతాబ్దంలో అక్కడ రెండు భారీ విలాస నౌకలు కట్టించాడు. 1928 నుంచి నీళ్లు తోడి వాటిని బయటపెట్టినప్పుడు లంగర్లు కూడా దొరికాయి. ఒక ఇనుప లంగరుకు అడ్డకమ్మీ ఊడదీసి పక్కన పెట్టుకునే ఏర్పాటు ఉంది. బ్రిటిష్ నౌకాదళం 19వ శతాబ్దంలో తమ లంగరుకు పెట్టుకున్న ఏర్పాటును రోమన్ కమ్మరులు పద్దెనిమిది వందల ఏళ్ల ముందే చేసేశారు. ఆ నౌకలు 1944లో యుద్ధకాలపు మంటల్లో కాలిపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

నాలుగు కొక్కేల లంగరుకు పట్టుకోవడమే స్వభావం. 1865లో అట్లాంటిక్ అడుగున తెగిపోయిన టెలిగ్రాఫ్ తీగను మరుసటేడు ‘గ్రేట్ ఈస్టర్న్’ ఓడ రెండు మైళ్లకు మించిన లోతు నుంచి ఇలాంటి కొక్కేలతోనే పైకి లాగింది. మన ఇళ్లలో బావిలో పడ్డ చేదను తీసే పాతాళ గరిగె దీనికి చెల్లెలు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటును అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం వెలికితీసింది. ఇనుప తాళ్లు, లంగర్లు వదిలి, జారితే మళ్లీ వదిలి, చివరికి పట్టు దొరికించుకుని లాగారు. ఆత్మీయుల ఆచూకీ కోసం గట్టున ఎదురుచూసిన కుటుంబాలకు ఆ కొక్కెం పట్టే చివరి ఆశ. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్న ప్రతి తెలుగువాడికీ లంగరు అంటే ఏమిటో తెలిసింది.

ఇక చేతిలోకి తీసుకుందాం. మడత లంగరు గాల్వనైజ్డ్ ఇనుముతో చేసింది. కాడ చుట్టూ ఒక కంఠి జారుతుంటుంది. కంఠిని కిందికి జార్చి బిగిస్తే నాలుగు కొక్కేలు విచ్చుకుని నిలబడతాయి. వదులు చేసి పైకి తోస్తే కాడకు అంటుకుని ముడుచుకుంటాయి. కొనేటప్పుడు ఈ కంఠినే పట్టి చూడాలి. వదులుగా ఆడుతుంటే నీళ్లలో దానంతటదే జారి కొక్కేలు ముడుచుకుపోతాయి, అప్పుడు తాటి చివర ఉన్నది ఉత్త ఇనుప ముక్క. పైకొసన ఒక కన్ను, అడుగున ఇంకో కన్ను ఉన్నదే తీసుకోవాలి. అడుగు కన్ను ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ముప్పావు కిలో, కిలోన్నర, మూడు కిలోల పైచిలుకు తూకాల్లో ఇవి దొరుకుతాయి. ట్యూబుకు, ప్రశాంతమైన చెరువులో కయాక్‌కు ముప్పావు కిలో సరిపోతుంది. సోమశిల లాంటి విశాలమైన నీటి మీద గాలికి ఎదురు నిలవాలంటే కిలోన్నర మంచిది. అంతకుమించి తీసుకుంటే మోత తప్ప లాభం లేదు.

రాళ్లు, మోళ్లు ఉన్న అడుగున ఈ లంగరుకు సాటి లేదు. ఇసుకలో అంతంత మాత్రం. సన్నటి మొనలు ఇసుకను చీల్చుకుంటూ జారిపోతాయి. ఇసుకకు వెడల్పు రేకుల లంగరు కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో తీరాలకు సైన్యాన్ని దించిన పడవల మీద వాడిన డాన్‌ఫోర్త్ రకం అలాంటిది. ద్రవగతి శాస్త్రంలో మహామహుడు జి.ఐ. టేలర్ 1933లో నాగలి ఆకారపు లంగరు తయారుచేసింది కూడా తక్కువ బరువుతో ఎక్కువ పట్టు రాబట్టడానికే. భూమిలో దిగి నిలవడమెలాగో నాగలికి తెలిసినంత మరి దేనికీ తెలియదని మన రైతు ఒప్పుకుంటాడు. ఒండ్రు చెరువులో మాత్రం నాలుగు కొక్కేలకు నాచు చుట్టుకుని ముద్దవుతుంది. అక్కడ పుట్టగొడుగు లాంటి లంగరు మేలు. స్కాట్లండ్‌లో బెల్‌రాక్ దగ్గర దీపపు నౌకను నిలపడానికి రాబర్ట్ స్టీవెన్‌సన్ రూపొందించిన రకం అది. అది దొరకకపోతే ఇసుక నింపిన సంచీ చాలు. చెరువులో ట్యూబు మీద ఉన్నవాడికి నేను చెప్పేది అదే.

లంగరు పట్టులో సగానికి మించి తాటిదే. తాడు నిటారుగా ఉంటే పడవ కదిలినప్పుడల్లా లంగరును పైకి లేపుతుంది. తాడు ఏటవాలుగా పడుకుంటే కొక్కేన్ని అడుగులోకి గుచ్చుతుంది. ఇరవై అడుగుల లోతులో అరవై అడుగుల తాడు వదిలితే అడుగుతో దాదాపు ఇరవై డిగ్రీల కోణం వస్తుంది. గాలి లేనిపూట అది చాలు. గాలి లేచిందంటే నూట నలభై అడుగులు వదలాలి. కోణం ఎనిమిది డిగ్రీలకు దిగుతుంది, పట్టు బిగుస్తుంది. లంగరు జారుతోందంటే చాలామంది బరువైనది కొనాలనుకుంటారు. ముందు తాడు వదలండి. లంగరుకు తాటికి మధ్య మూడు నాలుగడుగుల సన్న గొలుసు కలిపితే ఇంకా మంచిది. గొలుసు బరువు కాడను నేలకు అదిమి పట్టి ఉంచుతుంది, రాతి అంచుల మీద తాడు అరిగిపోకుండా కూడా కాపాడుతుంది. తాడు నైలాన్‌ది తీసుకోండి, ఆరు మిల్లీమీటర్ల మందం చాలు. అది నీళ్లలో మునుగుతుంది, కుదుపుకు సాగుతుంది. పచ్చగా మెరిసే చవక తాడు పైకి తేలి మరబోటు పంకాకు చుట్టుకుంటుంది.

అడుగు కన్ను సంగతి ఇప్పుడు. సోమశిలలో మునిగిన గోడకో మోడుకో కొక్కెం చిక్కుకుంటే పైనుంచి లాగినకొద్దీ బిగుస్తుంది. అందుకని గొలుసును అడుగు కన్నుకు కట్టి, కాడ వెంట పైకి తెచ్చి, పై కన్నుకు సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి వేస్తారు. మామూలు లాగుడికి టై తట్టుకుంటుంది. చిక్కుకున్నప్పుడు గట్టిగా ఊపి లాగితే తెగుతుంది. లాగుడు అడుగువైపు నుంచి పడి, కొక్కెం వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. పది రూపాయలు చేయని టై లంగరును దక్కిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం తాడు పడవకు ఎక్కడ కట్టామన్నది. ముక్కుకో తోకకో కట్టాలి. పక్కకు కడితే ప్రవాహం పడవ పొట్ట మీద తోస్తుంది, లంగరు అంచును కిందికి గుంజుతుంది, కయాక్ బోల్తా పడుతుంది. అందుకే కయాక్ పక్కన రెండు కప్పీల మీద తాడు తిప్పి, కూర్చున్నచోటి నుంచే లంగరు తాటిని ముక్కుకు జరిపే ఏర్పాటు చేసుకుంటారు. తాడు ముడి ఒక్క గుంజుకు ఊడేలా ఉండాలి, కొసన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి ఉండాలి. ప్రమాదం తోస్తే తాడు వదిలేసి బయటపడొచ్చు. డబ్బా తేలుతూ ఉంటుంది, తర్వాత వచ్చి తీసుకోవచ్చు. ఒంటి మీద లైఫ్ జాకెట్, అందుబాటులో కత్తి లేకుండా లంగరు దించకూడదు.

పారే నీటిలో అసలు దించకపోవడమే మేలు. 2021 నవంబరు 19న పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగిన రోజుల్లో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదిలారు. ఆ నీటి ముందు ఏ ఇనుమూ ఆగదు. గేట్లు ఎత్తుతున్నారని కబురు వినబడితే తాడు చుట్టుకుంటూ కూర్చోకుండా, డబ్బాతో సహా ఏటిలోనే వదిలేసి గట్టెక్కాలి.