పాచికలు లేని నేలమాళిగ

ఒంటరిగా చదరంగమాడినవారికి ఒక చిక్కు తెలియును. ఇరుపక్షముల ఎత్తులును తామే వేయవలెను గనుక ఆట రక్తి కట్టదు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటలో ఈ చిక్కు మరింత గట్టిది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రచించిన ఆ ఆటలో ఒకరు నేలమాళిగ పటమును గీచి దాచుకొందురు. తక్కినవారు వీరుల పాత్రలు ధరించి అందులో దారి వెదకుదురు. పటము గీచినవాడే వెదకబోయినచో, నిధి ఎచ్చట నున్నదో వానికి తెలియదా?

తోడు దొరకని ఆటగానికై గైగాక్స్ 1975 వసంతమున ‘ది స్ట్రాటజిక్ రివ్యూ’ తొలి సంచికలో ఒక ఉపాయము ప్రకటించెను. పటమును ముందుగా గీయనక్కరలేదు, నడచుచు గీయవచ్చును. అదియే పెరిగి 1979లో ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ గ్రంథమునకు మొదటి అనుబంధమైనది. గళ్ళ కాగితము ముందుంచుకొని ఇరువది ముఖముల పాచిక వేయవలెను. 1 గాని 2 గాని పడినచో దారి తిన్నగా సాగును. 3 నుండి 5 వరకు తలుపు, 10 వరకు పక్కదారి, 13 వరకు మలుపు, 16 వరకు గది. 17 పడిన మెట్లు; 18 పడిన ముందు గోడ; 19 పడిన మాయయో ఉచ్చో; 20 పడిన తిరుగాడు రాక్షసి. పక్కదారికే అయిదు అంకెలిచ్చుట గమనింపదగినది. మేమొక సాయంకాలము యత్నించి, కొద్దిసేపటికే కాగితపుటంచు దాటిపోయితిమి!

మా చేత పాచిక లేదు, చీటీలతో ఆడితిమి. ఇది మేము కనిపెట్టినది కాదు. 1979 ప్రాంతమున పాచికలు చాలక, ఆ ఆటను ప్రచురించిన టి.ఎస్.ఆర్. సంస్థయే పెట్టెలలో అంకెలచ్చువేసిన అట్టలనుంచెను. వాటిని కత్తిరించి గిన్నెలో వేసి, చూడక తీయవలెను. తీసిన చీటీని మరల గిన్నెలో వేసి కలుపుట ముఖ్యము. లేనిచో ఒకసారి వచ్చిన 17 మరల రాదు. మెట్లిక లేవని ఆటగాడు గ్రహించును.

మన ఇండ్లలో అష్టాచెమ్మాకు వాడు గవ్వలు చాలవా యని శ్రోతలడుగవచ్చును. చాలవు. నాలుగు గవ్వలు కలగలుపుగా పడుట తరచు, నాలుగును ఒకే తీరున పడుట అరుదు. ఈ పట్టిక కోరునది అన్ని అంకెలకును సమానమైన అవకాశము.

అట్టి సమత్వమునకై శాస్త్రజ్ఞులు అంతకుముందే పుస్తకములు కూర్చియుండిరి. ఇంగ్లండులో టిప్పెట్ 1927లో 41,600 అంకెలను ప్రకటించెను; అమెరికాలో ర్యాండ్ సంస్థ 1955లో పది లక్షల అంకెలను అచ్చువేసెను. అవి ఆటలకై పుట్టినవి కావు. అయినను కన్నులు మూసి అందుండి రెండంకెల నెన్నుకొని, 20తో భాగించి శేషమును గైకొనుడు. సున్న వచ్చిన 20 అనుకొనుడు. 00 మొదలు 99 వరకు గల నూరు సంఖ్యలలో ప్రతి ఫలితమునకును సరిగా అయిదేసి వచ్చును. జో డెవర్ 1984లో ‘లోన్ వుల్ఫ్’ ఆటపుస్తకము చివర ఇట్టి అంకెల పట్టికనే చేర్చి, కన్నులు మూసి పెన్సిలు మొద్దు కొన నానించుమనెను.

కంప్యూటరు కథ వేరు. 1980 ప్రాంతమున కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అను యువకులు ‘రోగ్’ అను ఆటను రచించిరి. తెరను తొమ్మిది భాగములు చేసి, గదులను, వాటిని కలుపు దారులను యంత్రమే ప్రతి ఆటకును కొత్తగా గీచునట్లు చేసిరి. తాము రచించిన ఆట తమకే కొత్తగా నుండవలెనని వారి కోరిక. తలుపు వెనుక నేమున్నదో దానిని రచించినవారికిని తెలియకపోయెను.