బ్రిటన్‌లో బైకు నడిపేవారికి: బూట్ల నుంచి హెల్మెట్ దాకా ఏం చూసి కొనాలి?

రైలు పాసు, పార్కింగు ఖర్చు లెక్కేసుకుని 125 సీసీ స్కూటరు కొనాలనుకునే కుటుంబాలు బ్రిటన్‌లో మనవాళ్లలోనూ ఉన్నాయి. 17 ఏళ్లు నిండినవారు ప్రొవిజనల్ లైసెన్సుతో సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ పూర్తి చేస్తే, ఎల్ ప్లేట్లు పెట్టుకుని 125 సీసీ బండి నడపవచ్చు. ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. బండి కొన్నాక ఇంట్లో అసలు చర్చ మొదలవుతుంది. "స్టేషన్ దాకా పోయి రావడానికి ఇంత వేషమా?" అని ఒకరు, "ఏదైనా అయితే?" అని మరొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఖరీదైన బూట్లు అల్మారాలో ఉండిపోతే వాటివల్ల రక్షణ సున్నా. సౌకర్యంగా ఉంది కదా అని కాన్వాస్ షూ వేసుకుంటే అదీ దాదాపు సున్నాయే. రోజూ వేసుకోగలిగినదై ఉండాలి, పరీక్షలో నెగ్గినదై ఉండాలి. ఈ రెండూ కలిసే చోటు వెతుక్కోవడమే మన పని.

చట్టం అడిగేది ఒక్కటే

బ్రిటన్‌లో 1973 నుంచి బైకు మీద హెల్మెట్ తప్పనిసరి. వెనక కూర్చున్నవారికీ అంతే. తలపాగా ధరించే సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది. బూట్లు, గ్లౌజులు, జాకెట్ వేసుకోమని చట్టం బలవంతం చేయదు. అవి మన విచక్షణకే వదిలేశారు. అందుకే వాటి గురించి తెలుసుకోవాల్సిన అవసరం ఎక్కువ.

పడితే ఏం జరుగుతుంది?

మూడు రకాల దెబ్బలు ఉంటాయి. మొదటిది నేలకో, మరో వాహనానికో కొట్టుకోవడం. రెండోది రోడ్డు మీద జారుకుంటూ పోవడం. మూడోది బండి కింద కాలు ఇరుక్కోవడం.

జారడం సంగతి చిన్న లెక్కతో అర్థమవుతుంది. గంటకు 30 మైళ్లంటే సెకనుకు 13 మీటర్ల పైమాటే. తారు రోడ్డుకూ బట్టకూ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే మనిషి ఆగేలోపు సుమారు 15 మీటర్లు జారతాడు. దానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. మామూలు జీన్స్, ఆఫీసు ప్యాంటు అంతసేపు తట్టుకుంటాయని నమ్మలేం.

ఇరుక్కోవడానికి వేగంతో పనే లేదు. తడిసిన రౌండబౌట్ దగ్గరో, మ్యాన్‌హోల్ మూత మీదో చక్రం జారితే 100 కిలోలకు పైబడిన బండి పక్కకు ఒరిగి చీలమండ మీద పడుతుంది. చీలమండ విరిగితే వారాల తరబడి నడక ఉండదు, డ్రైవింగ్ ఉండదు, మెట్లెక్కడం ఉండదు. చుట్టాలెవరూ దగ్గర లేని ఊళ్లో పిల్లల్ని బడికి దింపేది ఎవరు, సరుకులు తెచ్చేది ఎవరు అన్నది అప్పుడు తెలిసొస్తుంది. "దగ్గరికే కదా" అన్న మాట పనికిరానిది ఇందుకే.

బూట్లు: నాలుగు అంకెలు చదవండి

బైకు బూట్లకు యూరప్ ప్రమాణం ఈఎన్ 13634. బూటు లోపలి లేబుల్ మీద చిన్న బైకు బొమ్మ, ఈ నంబరు, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. ప్రతి అంకె 1 గానీ 2 గానీ అయి ఉంటుంది. మొదటిది బూటు ఎత్తు, రెండోది రాపిడిని తట్టుకునే శక్తి, మూడోది పదునైనది తగిలితే కోసుకుపోకుండా ఆపే శక్తి, నాలుగోది పక్కల నుంచి నొక్కితే అరికాలి భాగం నలిగిపోకుండా ఉండే గట్టిదనం.

మొదటి అంకె 1 అయితే బూటు నాసిరకం అనుకోవద్దు, పొట్టిది అని మాత్రమే అర్థం. మిగతా మూడూ 2 ఉన్న పొట్టి బూటు ఊళ్లో తిరగడానికి మంచి ఎంపికే. బండి కింద ఇరుక్కున్నప్పుడు పాదాన్ని కాపాడేది నాలుగో అంకె. దుకాణంలో చాలామంది చూడనిది కూడా అదే. వీటితోపాటు ఐపీఏ అని ఉంటే చీలమండకు దెబ్బ తగలకుండా రక్షణ, ఐపీఎస్ అంటే ముంగాలికి రక్షణ, డబ్ల్యూఆర్ అంటే నీళ్లు లోపలికి రాకుండా పరీక్షించారని అర్థం. వానలు ఎక్కువైన ఈ దేశంలో డబ్ల్యూఆర్ విలాసం కాదు.

లేబుల్ తర్వాత చూడాల్సింది కాలికి ఎలా కుదిరిందన్నది. చలికాలంలో వేసుకునే మందపాటి సాక్సులతోనే వేసి చూడండి. మడమ పైకి లేవకూడదు. లేసులుంటే వాటిని కప్పే పట్టీగానీ, పక్కన జిప్పుగానీ ఉండాలి. వేలాడే లేసు గేర్ లివర్‌కో ఫుట్‌రెస్ట్‌కో చుట్టుకుంటే సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టడమే కుదరదు. గేర్ల బండి అయితే ఎడమ బూటు ముందు భాగం లివర్ కిందకి సులువుగా దూరాలి.

సేఫ్టీ బూట్లు సరిపోవా?

గోడౌన్‌లోనో, నిర్మాణ పనుల్లోనో ఉన్నవారి ఇళ్లలో ఉక్కు ముక్కు బూట్లు ఎలాగూ ఉంటాయి. వాటి మీదా సీఈ గుర్తు ఉంటుంది కాబట్టి అవే చాలనిపిస్తుంది. కానీ వాటి ప్రమాణం వేరు, ఈఎన్ ఐఎస్ఓ 20345. కాలి వేళ్ల మీద 200 జౌళ్ల దెబ్బ పడితే తట్టుకోవడం అందులో ముఖ్యమైన పరీక్ష. అంటే పైనుంచి బరువు పడే ప్రమాదం కోసం చేసినవి. తారు మీద రాపిడి, పక్కల నుంచి బండి నొక్కుడు వాటి లెక్కలో లేవు. స్పోర్ట్స్ షూ కంటే మేలే గానీ బైకు బూటుకు బదులు కావు. సీఈ అన్న రెండక్షరాలు చూసి ఆగిపోకుండా పక్కనున్న నంబరు చదవాలి.

హెల్మెట్: సూట్‌కేసులో తెచ్చుకోవద్దు

ఇండియాలో ధర తక్కువని హెల్మెట్ తెచ్చుకునేవారికి ఒక మాట. ఐఎస్ఐ గుర్తు అక్కడి ప్రమాణానికి సంబంధించినది, బ్రిటన్ రోడ్డు మీద అది చాలదు. ఇక్కడ ఈసీఈ 22.05 లేదా 22.06 ఆమోదం గానీ, బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6658 తోపాటు కైట్‌మార్క్ గానీ ఉండాలి. ఈసీఈ హెల్మెట్ గడ్డం పట్టీకి కుట్టిన లేబుల్ మీద గుండ్రని గీతలో "ఈ" అక్షరం, పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఆ అంకె ఏ దేశం ఆమోదించిందో చెబుతుంది, బ్రిటన్‌ది 11. ఏ దేశానిదైనా చెల్లుతుంది. ఇండియాలో తయారైన హెల్మెట్లలోనూ ఈసీఈ ఆమోదం ఉన్నవి దొరుకుతాయి. ఆ లేబుల్ ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

బ్రిటన్ రవాణా శాఖ 2007లో షార్ప్ అనే పథకం మొదలుపెట్టింది. హెల్మెట్లను చట్టం అడిగిన దానికంటే ఎక్కువ పరీక్షలకు గురిచేసి 1 నుంచి 5 దాకా స్టార్లు ఇస్తారు. ఫలితాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ధర పెరిగిన కొద్దీ స్టార్లు పెరుగుతాయన్న గ్యారంటీ లేదని ఆ జాబితా చూస్తే అర్థమవుతుంది. హెల్మెట్ మీద ఇక్కడ వ్యాట్ లేదు, బూట్లు, జాకెట్ల మీద 20 శాతం ఉంది.

తలకు పెట్టుకుని అటూ ఇటూ తిప్పితే బుగ్గలు హెల్మెట్‌తోపాటు కదలాలి. పట్టీ బిగించాక వెనక నుంచి ముందుకు లాగితే ఊడి రాకూడదు. జడ వేసుకునే ఆడవాళ్లు మెడ దగ్గర కిందికి వేసుకుంటే సరి, కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ సరిగా కూర్చోదు. వాడిన హెల్మెట్ కొనవద్దు. లోపలి ఫోమ్ ఒక దెబ్బను మింగి నలిగిపోయినా పైకి కనిపించదు.

జాకెట్, ప్యాంటు, గ్లౌజులు

బైకు బట్టల ప్రమాణం ఈఎన్ 17092. అందులో ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, సింగిల్ ఏ అని మెట్లు ఉన్నాయి. ట్రిపుల్ ఏ బలమైనది, కానీ బరువు, వేడి కూడా ఎక్కువ. ఊళ్లో రోజువారీ ప్రయాణానికి సింగిల్ ఏ కనీసం, హైవే ఎక్కేవారికి డబుల్ ఏ నయం. బీ తరగతిలో రాపిడి రక్షణ ఉంటుంది గానీ దెబ్బను మింగే ప్యాడ్లు ఉండవు. సీ తరగతి ప్యాడ్లను మోసే వల లాంటిది, దాన్ని మరో బైకు బట్టతో కలిపే వేసుకోవాలి.

భుజాలు, మోచేతులు, మోకాళ్ల దగ్గరుండే ప్యాడ్లకు ఈఎన్ 1621-1 వర్తిస్తుంది. 5 కిలోల బరువు దాదాపు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చేంత శక్తితో, అంటే 50 జౌళ్లతో కొట్టి, అవతలి వైపు ఎంత బలం చేరిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవెల్ 1, 20 దాటకపోతే లెవెల్ 2. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఖాళీ జేబో, మామూలు ఫోమో ఉంటుంది. అక్కడ పెట్టే ప్యాడ్ విడిగా కొనుక్కోవాలి.

గ్లౌజులకు ఈఎన్ 13594. పడేటప్పుడు మనం తెలియకుండానే అరచేతులు ఆనిస్తాం, కాబట్టి వీటిని మానకూడదు. లేబుల్ మీద కేపీ అని ఉంటే వేళ్ల కణుపులకూ రక్షణ ఉన్నట్టు. మణికట్టు పట్టీ బిగించకపోతే గ్లౌజు ఊడిపోతుంది. చలికి మొద్దుబారిన వేళ్లు బ్రేకును సరిగా పట్టవు, అందుకే చలికాలానికి వేరే జత ఉండటం మంచిది.

రోజూ వేసుకునేలా చేసుకోవాలంటే

గేర్ పక్కన పెట్టడానికి మనవాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఇవే: ఆఫీసులో బాగోదు, తడుస్తుంది, టైమ్ పడుతుంది. మూడింటికీ మందు ఉంది. ఆఫీసు షూ ఒక జత డెస్క్ కింద ఉంచేస్తే, నల్లటి పొట్టి బైకు బూట్లతో వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు. ఆఫీసు ప్యాంటు మీదే వేసుకునే, పొడవునా జిప్పు ఉన్న బైకు ఓవర్ ప్యాంటు కొంటే రెండు నిమిషాల్లో తీసేయవచ్చు. వాన కోటు సీటు కిందే ఉండాలి. ఇంట్లో గుమ్మం దగ్గర బూట్లు, గ్లౌజులు, హెల్మెట్ ఒకే చోట పెడితే వెతుకులాట ఉండదు. తడిసిన బూట్లను రేడియేటర్ మీద పెట్టకండి, తోలు బిరుసెక్కుతుంది. లోపల పాత పేపర్లు కుక్కి గాలి తగిలే చోట ఆరబెట్టండి.

పిల్లలు, వెనక సీటు

16 ఏళ్లకే మోపెడ్ అడిగే పిల్లలుంటే "పెరిగే వయసు కదా" అని ఒక సైజు పెద్దది కొనే మన అలవాటును ఇక్కడ మానుకోవాలి. వదులైన ప్యాంటులో మోకాలి ప్యాడ్ పక్కకు జరిగిపోతుంది, వదులు బూటులోంచి పాదం బయటికొస్తుంది. సీబీటీ మీద నడిపేవారు వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. పూర్తి లైసెన్సు ఉన్నవారి వెనక కూర్చునే ఆడవాళ్లు చున్నీ, చీర కొంగు చక్రంలో పడే ప్రమాదాన్ని ఇక్కడా మరవకూడదు. పండక్కి వెళ్తున్నా ప్యాంటు, బూట్లతో వెళ్లి అక్కడ మార్చుకోవడమే మేలు.

ఏ వరుసలో కొనాలి?

డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే ముందు సరిపోయిన హెల్మెట్, తర్వాత గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు, ఆ తర్వాత జాకెట్, చివరగా ప్యాంటు. ఈ వరుసలో మొదటి మూడూ లేకుండా బండి తాళం ముట్టుకోకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. అది పాలప్యాకెట్టు కోసం వీధి చివరికి వెళ్లినా వర్తించాలి.