ఫిర్యాదు వినే కుర్చీలోకి ఎవరు, ఏ దారిలో వచ్చారు?



మన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ సమస్య మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి?" స్కాలర్‌షిప్ ఆగినా, పోడు పట్టా రాకపోయినా, కుల ధ్రువీకరణ పత్రం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నా ఇదే ప్రశ్న. ఐటీడీఏలో దరఖాస్తు ఇవ్వడం, కలెక్టరేట్‌లో రశీదు దాచుకోవడం మనకు అలవాటైపోయింది. అయితే ఆ కాగితం చివరికి చేరే కుర్చీలో ఎవరు కూర్చున్నారు, అక్కడికి రాకముందు ముప్పై ఏళ్లు ఆయనో ఆమెనో ఏ పని చేశారు అని మనం అడగం. ఈసారి ఆ ప్రశ్నతో కొంచెం చరిత్ర చూద్దాం.

ప్రభుత్వ కార్యాలయాల మీద జనం చేసే ఫిర్యాదుల్ని విని, విచారించి, తప్పు ఎవరిదో చెప్పే స్వతంత్ర వ్యవస్థను ప్రపంచమంతా అంబుడ్స్‌మన్ అంటుంది. స్వీడన్ మాట అది. ప్రతినిధి అని అర్థం. 1809 నాటి రాజ్యాంగంలో స్వీడన్ ఈ పదవి పెట్టింది. న్యాయశాస్త్రం తెలిసినవాడు, నిజాయితీపరుడు కావాలన్నది అప్పటి షరతు. 1955లో డెన్మార్క్ మొదలుపెట్టినప్పుడు స్టెఫాన్ హుర్విట్జ్ అనే క్రిమినల్ లా ప్రొఫెసర్‌ను ఎంచుకుంది. అంటే మొదటినుంచీ ఈ కుర్చీ లా చదివినవాళ్లదే అన్న అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయాన్ని కొంచెం సడలించిన దేశం న్యూజిలాండ్. మనకు అక్కడి కథ బాగా పనికొస్తుంది. ఎందుకంటే అది కూడా వలస పాలకులు, మూలవాసులు కలిసి బతుకుతున్న దేశమే. అక్కడి మూలవాసులు మావోరీలు.

ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో మొట్టమొదటి అంబుడ్స్‌మన్ న్యూజిలాండ్‌లోనే, 1962లో వచ్చాడు. పేరు గై పౌల్స్. లాయరుగా మొదలయ్యాడు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు, తర్వాత దౌత్యంలోకి వెళ్లాడు. 1949 నుంచి 1960 దాకా పశ్చిమ సమోవాలో హైకమిషనర్‌గా ఉన్నాడు. సమోవా అప్పుడు న్యూజిలాండ్ చేతికింద ఉన్న ద్వీప దేశం. పాలన అక్కడి ప్రజల చేతికి వెళ్లే ఏర్పాట్లు ఆయన కాలంలోనే నడిచాయి. 1962లో సమోవా స్వతంత్ర దేశమైంది. సమోవా తర్వాత ఆయన వచ్చింది మన ఢిల్లీకే. 1960 నుంచి 1962 దాకా భారతదేశంలో న్యూజిలాండ్ హైకమిషనర్ ఆయనే. ఇక్కడినుంచి వెళ్లి ఫిర్యాదుల కుర్చీలో కూర్చుని, 1977 దాకా ఉన్నాడు. మధ్యలో 1971లో జాతి వివక్ష మీద న్యూజిలాండ్ చట్టం చేసినప్పుడు, ఆ ఫిర్యాదులు చూసే మొదటి అధికారి పదవి కూడా ఆయనకే ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. పౌల్స్ పాలకుల మనిషే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఒక్క మనిషిలో మూడు పనుల అనుభవం ఉంది: లా తెలుసు, ప్రభుత్వ ఫైలు ఎలా నడుస్తుందో తెలుసు, తనది కాని భాష, తనది కాని ఆచారం ఉన్న జనం మధ్య పదకొండేళ్లు ఉన్నాడు.

ఆయన తర్వాత వచ్చినవాళ్ల వరస ఇంకా ఆసక్తిగా ఉంటుంది. జార్జ్ లేకింగ్ దౌత్యవేత్త, విదేశాంగ శాఖ కార్యదర్శిగా చేసినవాడు. నాడియా టోల్‌మాష్ లా పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు. బ్రయాన్ ఎల్‌వుడ్ లాయరు, పామర్‌స్టన్ నార్త్ అనే ఊరికి చాలా ఏళ్లు మేయరు. 1995 నుంచి 2005 దాకా ఒక అంబుడ్స్‌మన్‌గా ఉన్న ఆనంద్ సత్యానంద్ లాయరు, తర్వాత జిల్లా కోర్టు జడ్జి. ఆయన కుటుంబం భారతదేశం నుంచి ఫిజీకి, అక్కడినుంచి న్యూజిలాండ్‌కు చేరిన కుటుంబం. తర్వాత ఆయనే ఆ దేశ గవర్నర్ జనరల్ అయ్యాడు. 2008లో ప్రధాన అంబుడ్స్‌మన్ అయిన బెవర్లీ వేకెమ్ జడ్జీ కాదు, లాయరూ కాదు. రేడియోలో పనిచేసి, రేడియో న్యూజిలాండ్‌కు అధిపతిగా ఎదిగిన మనిషి. 2015లో వచ్చిన పీటర్ బోషియర్ ఫ్యామిలీ కోర్టుల ప్రధాన జడ్జిగా చేసినవాడు.

ఇంత రకరకాల మనుషులు ఎలా వచ్చారు? అక్కడి చట్టం ఫలానా ఉద్యోగం చేసినవాడే కావాలని గీత గీయలేదు కాబట్టి. పార్లమెంటు సిఫారసు చేస్తుంది, గవర్నర్ జనరల్ నియమిస్తారు. ఎంపీగా ఉంటే మాత్రం కుదరదు.

ఇక చేసిన వృత్తి విచారణలో ఎలా పనికొస్తుందో చూడాలంటే బోషియర్ కాలంలోని ఒక కేసు చాలు. 2019లో హేస్టింగ్స్ అనే ఊరి ఆసుపత్రిలో ఒక మావోరీ తల్లి దగ్గర్నుంచి అప్పుడే పుట్టిన బిడ్డను తీసుకెళ్లడానికి శిశు సంక్షేమ శాఖ ప్రయత్నించింది. ఆ వీడియో బయటికొచ్చి దేశమంతా అట్టుడికింది. మావోరీ పిల్లల్ని ఇలా తీసుకెళ్లడం మామూలైపోయిందన్నది వాళ్ల ఆవేదన. బోషియర్ విచారణ చేపట్టి 2020 ఆగస్టులో నివేదిక ఇచ్చాడు. తల్లిదండ్రులకు ముందుగా నోటీసు ఇవ్వకుండా కోర్టు ఉత్తర్వులు తెచ్చుకోవడాన్ని ఆ శాఖ అలవాటుగా మార్చుకుందని, అది అత్యవసరాల్లో మాత్రమే వాడాల్సిన దారి అని తేల్చాడు. అలాంటి ఉత్తర్వులిచ్చే ఫ్యామిలీ కోర్టుల్లోనే ఆయన వృత్తి జీవితం గడిచింది. నోటీసు లేకుండా ఆర్డరు వస్తే అవతలివాడి నోరు ఎలా మూతపడుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు బ్రిటన్ చూద్దాం. మన ప్రభుత్వ యంత్రాంగానికి అచ్చు అక్కడిదే కదా. అక్కడ 1967లో అంబుడ్స్‌మన్ వచ్చాడు. మొదటివాడు ఎడ్మండ్ కాంప్టన్, ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే అత్యున్నతాధికారిగా అంతకుముందు పనిచేశాడు. తర్వాత అలన్ మారే, ఇద్వాల్ ప్యూ ఇద్దరూ పెద్ద హోదా సివిల్ సర్వెంట్లు. తర్వాత సెసిల్ క్లాథియర్, ఆంథొనీ బారోక్లఫ్ ఇద్దరూ సీనియర్ బారిస్టర్లు. తర్వాత మళ్లీ ఇద్దరు సివిల్ సర్వెంట్లు. లెక్క చూస్తే 35 ఏళ్లలో ఏడుగురు. అందరూ మగవాళ్లు, అందరూ సర్కారు కచేరీ నుంచో, కోర్టు నుంచో వచ్చినవాళ్లు. పైగా జనం నేరుగా ఫిర్యాదు చేయడానికి లేదు, తమ ఎంపీ ద్వారా పంపాలి.

అలాగని వాళ్లంతా పనికిరానివాళ్లని మేము అనడం లేదు. ఆడిటర్ కాంప్టన్ మొదటి ఏడాదే పెద్ద పని చేశాడు. నాజీల జాక్సెన్‌హౌజెన్ క్యాంపులో బందీలుగా ఉన్న బ్రిటిష్‌వాళ్లలో కొందరికి నష్టపరిహారం ఇవ్వనని విదేశాంగ శాఖ మొండికేసింది. కాంప్టన్ ఆ ఫైళ్లు తెప్పించి, కాగితం కాగితం చదివి, శాఖదే తప్పన్నాడు. ప్రభుత్వం దిగొచ్చి డబ్బు కట్టింది. ఫైలు చదవడం అతని వృత్తి, ఆ విద్య బాధితులకు పనికొచ్చింది.

2002లో అక్కడ వరస మారింది. ఆన్ అబ్రహం వచ్చింది. ఆ కుర్చీలో మొదటి మహిళ. ఆమె 1990లలో సిటిజన్స్ అడ్వైస్ సంస్థల జాతీయ సంఘానికి అధిపతిగా పనిచేసింది. అప్పులు, అద్దెలు, పింఛన్లు, తిరస్కరించిన దరఖాస్తులతో వచ్చే మామూలు జనానికి ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ అది. తర్వాత లాయర్ల మీద వచ్చే ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌గా చేసి, ఈ పదవికి వచ్చింది. అంటే కౌంటర్‌కు ఇవతల నిలబడేవాళ్ల గోడు విని వచ్చిన మనిషి.

ఆమె 2005లో ఇచ్చిన ఒక నివేదిక మనవాళ్లంతా తెలుసుకోదగ్గది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చేతికి చిక్కి నిర్బంధ శిబిరాల్లో మగ్గిన బ్రిటిష్ పౌరులకు తలా 10,000 పౌండ్లు ఇస్తామని 2000లో ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత మెల్లగా ఒక మెలిక పెట్టింది: నువ్వో, నీ తల్లో తండ్రో, తాతో అమ్మమ్మో బ్రిటన్ గడ్డమీద పుట్టి ఉండాలి. శిబిరంలో పెట్టేటప్పుడు వాళ్లు బ్రిటిష్‌వాళ్లే, డబ్బులిచ్చేటప్పుడు మాత్రం కాదన్నమాట! ప్రకటించేటప్పుడు లేని షరతును తర్వాత తెచ్చి జనాన్ని తోసేయడం పాలనాలోపమని అబ్రహం తేల్చింది. ప్రభుత్వం మొదట బెట్టు చేసింది, చివరికి నిబంధనలు మార్చింది. స్థానికత రుజువు కోసం తాతల కాలం కాగితాలు అడిగితే నీళ్లు నమిలిన మనకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

ఈ రెండు దేశాల చరిత్ర నుంచి మాకు అర్థమైంది ఇది. మనిషి చేసిన వృత్తి అతనికొక చూపు ఇస్తుంది. ఆడిటర్ కాగితంలో తేడా పట్టుకుంటాడు. జడ్జి నోటీసు, సాక్ష్యం, విచారణ సరిగ్గా జరిగాయా అని చూస్తాడు. మాజీ అధికారికి శాఖ లోపలి ఎత్తులు తెలుసు. జనం మధ్య పనిచేసి వచ్చినవాళ్లకు మాత్రం ఇంకోటి కూడా తెలుస్తుంది: అసలు గడప దాకా రాని ఫిర్యాదులు. అఫిడవిట్ రాయించలేక, బస్సు చార్జీ లేక, భాష రాక ఇంట్లోనే ఆగిపోయినవి. ఏ ఒక్క చూపుతోనూ మొత్తం కనిపించదు.

మరి మన దగ్గర సంగతేంటి?

లోక్‌పాల్ అనే మాటను 1963లో పార్లమెంటులో ఎల్.ఎం. సింఘ్వీ వాడారు. 1966లో మొరార్జీ దేశాయ్ అధ్యక్షతన ఉన్న పరిపాలనా సంస్కరణల సంఘం కేంద్రానికి లోక్‌పాల్, రాష్ట్రాలకు లోకాయుక్త కావాలని సిఫారసు చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో లోకాయుక్త చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం లోకాయుక్త అంటే హైకోర్టు జడ్జి లేదా రిటైరైన ప్రధాన న్యాయమూర్తి. ఉప లోకాయుక్త అంటే జిల్లా జడ్జి స్థాయి మనిషి. తర్వాత సవరణతో రిటైరైన హైకోర్టు జడ్జీలకూ దారి తెరిచారు. 2012 నుంచి 2017 దాకా ఉన్న జస్టిస్ బి. సుభాషణ్ రెడ్డి గతంలో మద్రాసు, కేరళ హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తి. 2019లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన జస్టిస్ పి. లక్ష్మణరెడ్డి, తెలంగాణకు వచ్చిన జస్టిస్ సి.వి. రాములు ఇద్దరూ హైకోర్టు మాజీ జడ్జీలే. వ్యక్తులుగా వాళ్ల మీద మేము ఏ మాటా అనడం లేదు. చట్టమే ఒక్క తలుపు పెట్టిందని చెబుతున్నాం. అంటే న్యూజిలాండ్‌లోలాగా రేడియో మనిషో, బ్రిటన్‌లోలాగా సలహా కేంద్రం నడిపిన మహిళో మన లోకాయుక్త కావడానికి వీల్లేదు.

కేంద్రంలో 2013 లోక్‌పాల్ చట్టం కొంచెం భిన్నం. ఎనిమిది మంది దాకా ఉండే సభ్యుల్లో సగం న్యాయవ్యవస్థ నుంచి రావాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళల నుంచి ఉండాలి. మన పేరు చట్టంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. కానీ మిగతా సగానికి పెట్టిన అర్హత చూడండి: అవినీతి నిరోధం, పరిపాలన, విజిలెన్స్, ఫైనాన్స్, లా, మేనేజ్‌మెంట్ లాంటి రంగాల్లో 25 ఏళ్ల అనుభవం. సామాజిక సేవ అనే మాట అందులో లేదు. 2019లో మొదటిసారి నియమించినప్పుడు ఆ నాలుగు స్థానాల్లోకి వచ్చినవాళ్లు నలుగురూ ఐఏఎస్, ఐపీఎస్, ఐఆర్ఎస్ నుంచి వచ్చినవాళ్లే. తలుపు రెండైంది గానీ, రెండోదీ కచేరీ వైపే తెరుచుకుంది.

మన ఫిర్యాదులకు ఇంకో చరిత్ర కూడా ఉంది. రాజ్యాంగం 338వ అధికరణ కింద ఎస్సీ, ఎస్టీ కమిషనర్ అనే పదవి ఉండేది. 1986 నుంచి 1991 దాకా ఆ పదవిలో ఉన్నది బి.డి. శర్మ గారు. గణితంలో డాక్టరేట్ చేసిన ఐఏఎస్ అధికారి. 1960ల చివర్లో బస్తర్ కలెక్టర్, తర్వాత షిల్లాంగ్‌లోని నార్త్ ఈస్టర్న్ హిల్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్. ఆయన ఇచ్చిన 29వ నివేదిక ప్రభుత్వాన్నే బోనులో నిలబెట్టింది. తర్వాత పీసా చట్టానికి దారి తీసిన భూరియా కమిటీలో కూడా ఆయన ఉన్నారు. ఆయన గిరిజనుడు కాదు, ఆయనదీ సర్కారు కొలువే. కానీ బస్తర్‌లో జనం దగ్గర నేర్చుకున్నది కుర్చీలోకి తెచ్చారు. కాబట్టి ఉద్యోగం పేరు ఒక్కటే మనిషిని నిర్ణయించదు. ఆ ఉద్యోగంలో ఎవరి మధ్య బతికాడు, ఎవరి మాట విన్నాడు అన్నది అంతకంటే ముఖ్యం.

2004లో మనకు విడిగా జాతీయ ఎస్టీ కమిషన్ వచ్చింది. దాని ఛైర్‌పర్సన్ ఎస్టీ అయి ఉండాలి, సామాజిక, రాజకీయ రంగాల్లో పనిచేసినవాళ్లై ఉండాలి అని నిబంధన. అక్కడ తలుపు మనవైపు తెరిచారు, కానీ కమిషన్ చేతిలో ఉన్నది సిఫారసే. దాన్ని అమలు చేయాల్సింది మళ్లీ ప్రభుత్వమే.

కాబట్టి మిత్రులారా, మన అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, లోకాయుక్త చట్టంలో జడ్జీలతో పాటు జనం మధ్య పనిచేసినవాళ్లకూ చోటు కావాలని, లోక్‌పాల్‌లో ఉన్నట్టు ఎస్టీలకు ప్రాతినిధ్యం కావాలని మన సంఘాలు అడగాలి. ఆంధ్రప్రదేశ్ లోకాయుక్త కార్యాలయం 2021లో కర్నూలుకు మారింది. పాడేరు కొండల మీదున్న ముసలమ్మకు కర్నూలు ఎంత దూరమో, ఆ దూరం తెలిసిన మనిషి ఒక్కరైనా ఆ గదిలో ఉండాలి కదా.

రెండోది మనల్ని మనం అడగాల్సింది. చట్టం మారేదాకా ఆ కుర్చీకి దారి కోర్టు మెట్ల మీదుగానే ఉంది. మన పిల్లలు డిగ్రీ అవ్వగానే డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్ అంటున్నారు, మంచిదే. కానీ లాసెట్ రాసేవాళ్లు ఎంతమంది? జూనియర్ సివిల్ జడ్జి నోటిఫికేషన్‌లో ఎస్టీ పోస్టులు ఎన్నున్నాయో చూసేవాళ్లు ఎంతమంది? ఈరోజు మున్సిఫ్ కోర్టులో కూర్చునే గోండు అమ్మాయి, కోయ అబ్బాయి, సవర అమ్మాయి ఉంటేనే ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత హైకోర్టు జడ్జీల జాబితాలో మన పేరుంటుంది. ఆ జాబితాలో పేరుంటేనే లోకాయుక్త కుర్చీ దాకా మాట వెళ్తుంది.

ఫిర్యాదు రాయడం నేర్చుకున్నాం. ఇక వినే కుర్చీ దాకా నడిచే దారి కూడా నేర్చుకుందాం. మీ ఊళ్లో లా చదువుతున్న మనవాళ్లెవరైనా ఉంటే ఇది వాళ్లకు చదివి వినిపించండి.

జై ఆదివాసీ.