అయస్కాంతపు గోడలు

జగ్గయ్యపేట పరిసరములందలి సిమెంటు కర్మాగారముల కొలుములలో సున్నపురాయి సుమారు 1450 డిగ్రీల వేడిమికి కాగి ముద్దగట్టును. ఆ వేడిమిని ఇటుకగోడ ఓర్చుకొనును. సూర్యునియందువలె పరమాణు బీజములను సంయోగింపజేసి శక్తిని రాబట్టవలెనన్నచో భూమిపై పది కోట్ల డిగ్రీలు దాటవలెను. అంతటి వేడిమిలో వాయువు విద్యుత్కణములుగా విడిపోయి ‘ప్లాస్మా’ యగును. ఏ లోహమును దానిని పట్టియుంచజాలదు. కాని విద్యుత్కణములు అయస్కాంత రేఖలను చుట్టుకొని తిరుగును. కావున అయస్కాంత క్షేత్రమునే గోడగా నిలుపవచ్చునని శాస్త్రజ్ఞులు తలంచిరి.

1955లో జెనీవా అణుశక్తి మహాసభకు అధ్యక్షుడైన హోమీ భాభా, ఇరువదియేండ్లలో ఈ శక్తి వశమగునని చెప్పెను. గడువు దాటిపోయినది. ఆయనను తప్పుపట్టుట సులభమే. కాని ఆ గోడ యెంత చంచలమైనదో నాడు పూర్తిగా నెఱిగినవారు లేరు.

1958 జనవరిలో ఇంగ్లండునందలి హార్వెల్ శాస్త్రజ్ఞులు తమ ‘జీటా’ యంత్రమునుండి న్యూట్రానులు వెలువడినవనియు, అవి బీజసంయోగ ఫలమనుట దాదాపు నిశ్చయమనియు ప్రకటించిరి. లోకము సంబరపడెను. మే నెలలో ఆ మాటను వెనుకకు దీసికొనవలసివచ్చెను. న్యూట్రానులు నిజమే, అయితే అవి సమముగా కాగిన ప్లాస్మానుండి పుట్టినవి కావు. ప్లాస్మా క్షోభించినపుడు కలిగిన విద్యుద్బలము కొన్ని కణములను విసరివేయగా పుట్టినవి. లోకమెల్ల వినగా చెప్పినదానిని నాలుగు నెలలలో దిద్దుకొనుట చిన్న విషయమని నేననుకొనను.

రష్యాలో టామ్, సఖరోవులు 1950–51లో ఊహించిన ‘టోకమాక్’ కంకణాకారపు పాత్ర. అందు బయటి అయస్కాంతముల బలమును, ప్లాస్మాలో పారు విద్యుత్తు పుట్టించు బలమును కలిసి, రేఖలు తాడువలె పురిగొనును. పురి మితిమీరిన తాడు మెలికలు పడునని పగ్గము పేనిన వారందఱెఱుగుదురు. ప్లాస్మాయు నంతియే. ఆ మితిని క్రుస్కల్, షఫ్రానోవులు వేర్వేరుగా లెక్కగట్టిరి. 1968లో మాస్కోలోని టీ-3 యంత్రము కోటి డిగ్రీలనంటెనన్న వార్తను పాశ్చాత్యులు శంకించిరి. మరుసటియేట బ్రిటిషు శాస్త్రజ్ఞులే లేజరుతో అచటికేగి కొలిచి నిజమనిరి.

మితిలోనున్నను భయము తీరలేదు. ప్లాస్మాకున్న స్వల్ప విద్యున్నిరోధమే చాలును, రేఖలు తెగి మరియొక విధమున అతుకుకొనునని 1963లో ఫర్త్, కిలీన్, రోజెన్‌బ్లూత్ చూపిరి. అట్లతుకుకొన్నచోట్ల అయస్కాంతపు లంకలేర్పడును. కృష్ణాతీరవాసులకు లంకలు క్రొత్తవి కావు. ఇవి పెరిగి యొకదానితో నొకటి కలిసినచో వేడిమి యెల్ల రెప్పపాటులో గోడపాలగును.

ఇబ్రహీంపట్నపు థర్మల్ కేంద్రమున 1979నుండి బొగ్గు కాలుట చూచుచున్న నందిగామవారికి ఇది పరాయి ముచ్చటగా తోపరాదు. గాంధీనగర్ చెంతనున్న ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989నుండి పనిచేసిన ‘ఆదిత్య’ స్వదేశమున నిర్మింపబడిన టోకమాక్. అందు ప్లాస్మా నిలుచునది సెకనులో కొంత భాగమే. ప్లాస్మా అంచున లోహపు కడ్డీనొకదాని నుంచి, దానికి విద్యుత్పీడనమిచ్చి, కూలబోవు ప్లాస్మాను నిలుపవచ్చునని అందే పరీక్షించి చూపిరి.