కంటికి కానరాని దెబ్బ

నల్లజర్ల మీదుగా సాగు జాతీయ రహదారిపై ఒక కారు ఆగియున్నదనుకొందము. వెనుకనుండి మరియొక బండి వచ్చి ఢీకొన్నది. మొండెము ముందుకు పోవును. తల ఒక్క క్షణము వెనుకబడి, పిమ్మట ముందుకు విసరుకొనును. మెడలోని కండరములు, కీళ్లు బెణకును. నెత్తురు చుక్కయైన కానరాదు. ఎక్సరేలోను తరచుగా ఏమియు తేలదు. నొప్పి మాత్రము మరునాటికి ముదురును.

ఈ బాధ మోటారు బండ్లకంటె పాతది. 1866లో లండను శస్త్రవైద్యుడు ఎరిక్‌సెన్, రైలు ప్రమాదములలో పైకి గాయము లేకయే బాధపడినవారిని గూర్చి ఉపన్యాసములు ప్రకటించెను. 1883లో రైల్వే కంపెనీ వైద్యుడైన హెర్బర్ట్ పేజ్ ఆ వాదమును ఖండించి, భయమే ముఖ్యకారణమనెను. పరిహారము కొరకు నటనయను నింద నాటినుండి రోగిని వెన్నాడుచున్నది.

1928లో అమెరికా వైద్యుడు హెరాల్డ్ క్రో ఈ దెబ్బను కొరడా విసురుతో పోల్చెను. తాను చెప్పినది కదలిక తీరే కాని రోగనామము కాదని తరువాత ఆయనయే విచారించెను.

మెడపట్టీ, దీర్ఘవిశ్రాంతి చిరకాలము వాడుకలో నుండెను. 1995లో కెనడాలోని క్విబెక్ నిపుణసంఘము 10,000కు పైగా రచనలను వడపోసి, ఆధారపడదగినవి 62 మాత్రమేయని తేల్చినది. ఎముక విరగని, నరము చెడని దెబ్బలకు దీర్ఘవిశ్రాంతి కీడే చేయుననియు, మెడను త్వరగా, మెల్లమెల్లగా కదలించుట మేలనియు చెప్పినది.

అయితే చేతులు తిమ్మిరెక్కినను, కాళ్లు పట్టుతప్పినను, మెడ నడుమ ఎముకపై తీవ్రమైన నొప్పియున్నను రోగిని కదపక 108కు ఫోను చేయవలెను. తక్కినవారికి ఇంటివారు చెప్పదగినది ఇంతే: నొప్పి నిజమే, భయము వలదు, మెల్లగా తల తిప్పుచుండుము.